మైనస్ ఎనిమిది పెద్దదా, మైనస్ మూడు పెద్దదా?

ఉత్తరం రాసింది ఒక తండ్రి. నాలుగు పేజీలు రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

ఆయన అకౌంటెంటు. పద్దెనిమిదేళ్లుగా అంకెలతోనే పని. ఒక్కతే కూతురు, ఏడో తరగతి. నిరుటి దాకా ఆ అమ్మాయికి లెక్కలంటే భయం లేదు. భిన్నాలు, దశాంశాలు చకచకా చేసేది. రుణ సంఖ్యల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మొన్నటి యూనిట్ టెస్టులో 25కి 9 వచ్చాయి. ఆ పేపరులోని మూడు తప్పుల్ని ఆయన ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశారు. ఒకటి, −8 > −3. రెండు, −3 − 4 = 7. మూడు, |3 − 8| = 11 (ఈ నిలువు గీతలు పరమ మూల్యానికి గుర్తు, అంటే సున్నా నుంచి ఆ సంఖ్య ఎంత దూరమో).

ఓ రాత్రి కూర్చోబెట్టి చెప్పబోతే అమ్మాయి అడిగిందట: "ఎనిమిది అప్పున్నవాడికి మూడు అప్పున్నవాడికన్నా ఎక్కువ అప్పు ఉన్నట్టే కదా నాన్నా, మరి మైనస్ ఎనిమిది చిన్నదెలా అవుతుంది?" "రూల్ అది, గుర్తుపెట్టుకో" అన్నారీయన. కాసేపటికి గైడులో ఇంకో లైను చూపించింది. 'ఎక్స్ సున్నా కన్నా చిన్నదైతే |ఎక్స్| = −ఎక్స్' అని ఉంది. "పరమ మూల్యం ఎప్పుడూ మైనస్ రాదని పైన రాసి, కింద మైనస్ ఎక్స్ అన్నారేంటి?" అంది. ఆయనకు జవాబు తట్టలేదు. తట్టకపోయేసరికి కోపం వచ్చింది. "ఇంత చిన్న విషయం కూడా బుర్రకెక్కదా?" అని నోట్సు బల్ల మీదకు విసిరారు. ఆ రాత్రి నుంచి తండ్రి గదిలోకి వస్తే చాలు, అమ్మాయి లెక్కల పుస్తకం మూసేస్తోంది. తర్వాత ఇచ్చిన పేపరు బీరువాలో బట్టల కింద వాళ్లమ్మకు దొరికింది. అది దొరికిన సంగతి అమ్మాయికి తెలియదు.

భార్య ట్యూషన్ పెట్టిద్దామంటున్నారు. అన్నగారు, రూల్స్ బట్టీ పట్టిస్తే సరిపోతుందంటున్నారు. ఈయనేమో కొన్నాళ్లు వదిలేస్తే దానంతటదే సర్దుకుంటుందేమో అనుకుంటున్నారు. మూడు వారాల్లో అర్ధ సంవత్సర పరీక్షలు. "ఏం చేయమంటారు? అసలు నా కూతురికి లెక్కలు వస్తాయా?" అన్నది ప్రశ్న.

సమాధానం

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. వస్తాయి. ఇది ఓదార్పు మాట కాదు. మీ అమ్మాయి తప్పులు చూశాకే అంటున్నాను. చాలా ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. గుడ్డిగా రాసిన తప్పుకూ ఆలోచించి చేసిన తప్పుకూ తేడా తెలుస్తుంది. తను రాసిన మూడు తప్పుల వెనకా మూడు ఆలోచనలున్నాయి. అడిగిన రెండు ప్రశ్నలైతే చాలామంది పిల్లలకు డిగ్రీ అయినా రాని ప్రశ్నలు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి మీ ఇంట్లో లెక్కలు సరిగ్గా చేస్తున్నది తనొక్కతే.

అప్పు సంగతి చూద్దాం. ఎనిమిది అప్పున్నవాడికి అప్పు ఎక్కువ. ఇది నిజమే. మరి తప్పెక్కడ? "ఎక్కువ" అన్న మాటలో. అప్పు ఎక్కువైతే ఆస్తి తక్కువ. చలి ఎక్కువైతే ఉష్ణోగ్రత తక్కువ. లోతు ఎక్కువైతే ఎత్తు తక్కువ. మైనస్ ఎనిమిది డిగ్రీల రోజునూ మైనస్ మూడు డిగ్రీల రోజునూ పక్కపక్కన పెట్టి "చలి ఏ రోజు ఎక్కువ?" అని అడగండి, మైనస్ ఎనిమిది అంటుంది. "ఉష్ణోగ్రత ఏ రోజు ఎక్కువ?" అని అడగండి, కాసేపు ఆలోచించి మైనస్ మూడు అంటుంది. రెండు జవాబులూ సరైనవే, ఎందుకంటే ప్రశ్నలు వేరు. పాఠంలోని > గుర్తు రెండో ప్రశ్నను అడుగుతోంది, మీ అమ్మాయి మొదటి దానికి జవాబు చెప్పింది.

చలి, అప్పు, లోతు. ఈ మాటలు మైనస్‌ను తమలోనే దాచుకుని ఉంటాయి. మృత సముద్రం ఒడ్డు సముద్ర మట్టానికి 430 మీటర్లకు పైగా కింద ఉంది. ఎత్తు చెప్పాలంటే మైనస్ 430 అనాలి, లోతు చెప్పాలంటే ఉత్త 430 అంటే చాలు. "మైనస్ 430 మీటర్ల లోతు" అని ఎవరూ అనరు. అమెరికాలోని డెత్ వ్యాలీలో అన్నిటికన్నా పల్లపు చోటు మైనస్ 86 మీటర్ల దగ్గర ఉంది. ఎత్తు పరంగా మైనస్ 86 పెద్దది, లోతు పరంగా 430 పెద్దది. ఈ రెండో కొలతకే గణితంలో పరమ మూల్యం అని పేరు.

అంటే మీ అమ్మాయి −8 > −3 అని రాసినప్పుడు తన మనసులో ఉన్నది |−8| > |−3|. అది నూటికి నూరు శాతం సరైన వాక్యం. పరమ మూల్యం వెనకున్న ఆలోచనను తను సొంతంగానే పట్టేసింది, దాన్ని ఆ నిలువు గీతలతో రాయాలని తెలియక గీతలు లేకుండా రాసేసింది. ఇది తనకు చెప్పండి. "తప్పు రాశావు" అని మొదలుపెట్టకండి, "నువ్వు చెప్పాలనుకున్నదాన్ని ఇలా రాస్తారు" అని మొదలుపెట్టండి. తర్వాత సంఖ్యారేఖ మీద కుడివైపున ఉన్నదే పెద్దది అన్న మాటను తను సులువుగానే ఒప్పుకుంటుంది. ఎందుకంటే అప్పుడు తన ఆలోచనను చెరిపేయనక్కర్లేదు. దాని చోటు ఎక్కడో తెలిస్తే చాలు.

మీకు ఇది ఎందుకు కష్టంగా తోచలేదో కూడా చెప్పనివ్వండి. మీ వృత్తిలో మైనస్ గుర్తు మొహం చూపించేది తక్కువ. నష్టం వస్తే అంకెను బ్రాకెట్లలో పెడతారు, లేదా ఎర్ర సిరాతో రాస్తారు. డెబిట్‌కు ఒక వరస, క్రెడిట్‌కు ఒక వరస. రెండు వరసలున్నాక ఇక మైనస్‌తో పనేముంది? రుణ సంఖ్యలతో రోజూ పనిచేస్తూనే −8, −3ల్లో ఏది పెద్దదని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవలసిన అవసరం మీకు ఏనాడూ రాలేదు. (ఎర్ర సిరా అంటే గుర్తొచ్చింది. మూడో శతాబ్దపు చైనా పండితుడు లియు హుయ్ లెక్కలకు పుల్లలు వాడేటప్పుడు ధన సంఖ్యలకు ఎర్రవి, రుణ సంఖ్యలకు నల్లవి పెట్టమన్నాడు. మనకు సరిగ్గా తలకిందులు!)

ఇక రెండో తప్పు, −3 − 4 = 7. దీనికి బాధ్యత తనది కాదు, మాది. మా అంటే లెక్కల టీచర్లది. "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అని నినాదంలా నేర్పేస్తాం. నేనూ నేర్పాను. ఆ వాక్యంలో "కలిస్తే" అంటే ఏమిటో చెప్పం. గుణిస్తేనా, కూడితేనా, పక్కపక్కన కనిపిస్తేనా? పిల్లలు కళ్లకు కనిపించినదాన్ని బట్టి పోతారు. లెక్కలో రెండు మైనస్‌లు కనిపించాయి, ప్లస్ చేసేశారు.

అసలు చిక్కు ఏమిటంటే ఒకే చిన్న అడ్డగీత మూడు వేరు వేరు పనులు చేస్తోంది. 7 − 4 లో అది ఒక పని చెబుతోంది: తీసెయ్. −4 లో అది పేరులో భాగం: ఈ సంఖ్య సున్నాకు ఎడమ పక్కన ఉండేది. −(−4) లో అది "అవతలి పక్కకు తిరుగు" అంటోంది. ఎడమ పక్క ఉంటే కుడికి, కుడి పక్క ఉంటే ఎడమకు. మీ బల్ల మీది కాలిక్యులేటర్ చూడండి. తీసివేతకు ఒక మీట, గుర్తు మార్చడానికి ± అని వేరే మీట ఉండే ఉంటుంది. యంత్రానికి కూడా ఆ రెండు పనులూ వేరని చెప్పాల్సి వచ్చింది. పన్నెండేళ్ల పిల్లకు మాత్రం మనం చెప్పలేదు.

కాబట్టి −3 − 4 ను ఇలా చదివించండి. మొదటి మైనస్ పేరు, రెండోది పని. నువ్వు మైనస్ మూడు దగ్గర నిలబడ్డావు. నాలుగు తీసెయ్, అంటే ఎడమకు నాలుగడుగులు వెయ్. ఎక్కడ తేలావు? మైనస్ ఏడు. అదే −3 − (−4) అయితే? మైనస్ మూడు దగ్గర నిలబడి, నాలుగు అప్పును తీసెయ్యాలి. అప్పు తీసేస్తే పరిస్థితి మెరుగవుతుంది, కుడికి నాలుగడుగులు, అంటే 1. నేలమీద చాక్‌పీసుతో గీత గీసి నిజంగా నడిపించినా తప్పు లేదు. ఏడో తరగతి పిల్లలు మొదట సిగ్గుపడతారు, రెండో నిమిషానికి మరిచిపోతారు.

గుణకారంలో రెండు మైనస్‌లు ప్లస్ ఎందుకవుతాయని తను అడగకమానదు. దానికి మీ దగ్గర నాకన్నా మంచి ఉదాహరణ ఉంది. లెడ్జరులో నాలుగేసి చొప్పున మూడు అప్పు ఎంట్రీలు పొరపాటున పడ్డాయనుకోండి. ఆ మూడింటినీ కొట్టేశారు. మూడు తీసేయడం −3, ఒక్కొక్కటీ −4. పుస్తకంలో నిల్వ ఎంత మారింది? 12 పెరిగింది. (−3) × (−4) = 12. ఇది నచ్చకపోతే ఇంకో దారి ఉంది. 2 × (−4) = −8, 1 × (−4) = −4, 0 × (−4) = 0 అని వరసగా రాయించి, తర్వాతి లైను ఏమవ్వాలో తననే అడగండి. ప్రతి లైనుకూ నాలుగు పెరుగుతూ వస్తోంది కదా. వరస చెడకుండా ఉండాలంటే (−1) × (−4) దగ్గర 4 రాక తప్పదు.

మూడో తప్పు నాకు చాలా ఇష్టమైనది. |3 − 8| = 11. ఎలా వచ్చిందో ఊహించారా? "పరమ మూల్యం అంటే మైనస్ తీసేయడం" అని ఎవరో చెప్పి ఉంటారు. తను బుద్ధిగా 3కీ 8కీ మధ్యనున్న మైనస్‌ను తీసేసి కలిపేసింది. రూలు విన్నది విన్నట్టు పాటించింది, రూలే అవకతవకగా ఉంది. తను చెరిపేసిన మైనస్ పేరు కాదు, పని.

ఆ రూలును మరిచిపొమ్మనండి. పరమ మూల్యం అంటే సున్నా నుంచి దూరం, అంతే. −5 సున్నాకు ఐదడుగుల దూరంలో ఉంది, 5 కూడా ఐదడుగుల దూరంలోనే ఉంది. కాబట్టి |−5| = 5, |5| = 5. ఒక పొడవాటి కాగితం ముక్క తీసుకుని మధ్యలో సున్నా పెట్టి, అటూ ఇటూ పదేసి అంకెలు సమాన దూరంలో రాయించండి. సున్నా దగ్గర మడతపెట్టమనండి. −5 పోయి 5 మీద పడుతుంది, −8 పోయి 8 మీద పడుతుంది. ఆ నిలువు గీతలు చేసే పని అదే, ఒక మడత. కాగితం తన చేతిలో ఉన్నంతసేపూ "గుర్తు తీసెయ్" అనే మాట అవసరం రాదు.

|3 − 8| దగ్గర నిలువు గీతల్ని బ్రాకెట్లలా చూడాలి. లోపలి పని ముందు అవ్వాలి. 3 − 8 అంటే −5, దాని దూరం 5. ఇక్కడే ఇంకో సంగతి తొంగిచూస్తుంది. 3కీ 8కీ మధ్య దూరం కూడా ఐదే! రెండు సంఖ్యల మధ్య దూరం కావాలంటే ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి నిలువు గీతల్లో పెడితే చాలు, ఏది ముందు రాసినా ఒకటే. −3కీ 4కీ మధ్య? |−3 − 4| = |−7| = 7. కాగితం మీద లెక్కపెట్టి చూసుకోమనండి. ఈ సంగతి తెలిసిన పిల్ల మళ్లీ 11 అని రాయదు. రాసినా, మూడుకీ ఎనిమిదికీ మధ్య పదకొండడుగులెలా ఉంటాయని తనే చెరిపేసుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. సంఖ్యారేఖకు ఉదాహరణగా చరిత్ర తేదీలు మాత్రం తీసుకోకండి. క్రీస్తుపూర్వం 1 తర్వాత నేరుగా క్రీస్తుశకం 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. లెక్క ఒకటి తేడా వచ్చి పిల్ల ఇంకా గందరగోళంలో పడుతుంది.

ఇప్పుడు మీకు జవాబు తట్టని ప్రశ్న. |ఎక్స్| = −ఎక్స్ ఎలా సాధ్యం? ఒక కవరు తీసుకోండి. లోపల ఒక చీటీ మీద −5 అని రాసి పెట్టి మూసేయండి. కవరు మీద ఎక్స్ అని రాయండి. ఇప్పుడు −ఎక్స్ అంటే ఏమిటి? "కవరులో ఉన్నదాన్ని అవతలి పక్కకు తిప్పు." మైనస్ చేసే మూడో పని ఇది. లోపలున్నది −5, తిప్పితే 5. అంటే −ఎక్స్ ఇక్కడ 5. దాని ముందు మైనస్ ఉంది, కానీ అది రుణ సంఖ్య కాదు! కవరులో 5 ఉంటే −ఎక్స్ −5 అయ్యేది. లోపల ఏముందో తెలియకుండా కవరు బయటున్న మైనస్‌ను చూసి లోపలి సంగతి చెప్పలేం. గైడులోని లైను చెప్పేది ఇంతే: కవరులో ఉన్నది సున్నాకు ఎడమ పక్కదైతే, దాని దూరం కావాలంటే దాన్ని తిప్పు. కుడి పక్కదైతే తిప్పకు. "మైనస్ ఉన్నదల్లా రుణ సంఖ్యే" అనుకోవడం పెద్దవాళ్లలోనూ ఉంది. మీరు తడబడ్డది కూడా అక్కడే అనుకుంటాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అసలు ఈ రుణ సంఖ్యలు పెద్ద పెద్దవాళ్లనే తిప్పలుపెట్టాయి. క్రీస్తుశకం 628లో మన గణితవేత్త బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం అనే గ్రంథంలో ధనం, రుణం అనే పేర్లతోనే వీటికి కూడిక, తీసివేత, గుణకారం సూత్రాలు రాశాడు. రెండు రుణాల లబ్ధం ధనం అన్నది అందులో ఉంది. మనం ఇవాళ ధన సంఖ్య, రుణ సంఖ్య అంటున్నది ఆ మాటల్నే. మీ అమ్మాయి అప్పు గురించి అడిగిందంటే ఆ పేరును నమ్మి అడిగిందన్నమాట. అయినా 1758లో కూడా ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మసెరెస్ అనే ఆయన, బీజగణితంలో రుణ సంఖ్యల్ని ఇలా వాడటం తప్పని ఏకంగా పుస్తకమే రాశాడు. నిలువు గీతల గుర్తు వాడింది 1841లో జర్మన్ గణితవేత్త వయర్‌స్ట్రాస్. అంటే బ్రహ్మగుప్తుడి సూత్రాలకూ ఈ గీతలకూ మధ్య పన్నెండు వందల ఏళ్లు. మీ అమ్మాయికి మనం ఇచ్చింది రెండు వారాలు.

భాస్కరాచార్యుడి లీలావతిలో ఒక లెక్క ఉంది. త్రిభుజం భుజాలు 10, 17, భూమి (అంటే అడుగు భుజం) 9. పై శీర్షం నుంచి భూమి మీదకు లంబం దించితే భూమి ఏ ముక్కలుగా విడిపోతుంది? సూత్రం ప్రకారం చేస్తే ఒక ముక్క 15, ఇంకోటి −6 వస్తాయి. పొడవు మైనస్ ఆరా? రుణం అంటే దిక్కు వ్యతిరేకమని అర్థం చేసుకోమంటాడాయన. బొమ్మ గీసి చూస్తే లంబం నిజంగానే భూమికి ఆరు ప్రమాణాలు బయట పడుతుంది. లంబం పొడవు 8. పొడవు ఆరు, దిక్కు అటు. పరమ మూల్యమూ గుర్తూ విడివిడిగా ఎందుకు కావాలో ఇంతకన్నా బాగా చూపించే బొమ్మ నాకు తెలియదు. ఆ పుస్తకానికి ఆయన తన కూతురి పేరే పెట్టాడని ఒక కథ చెబుతారు. కథే, కానీ మీ ఉత్తరం చదువుతుంటే గుర్తొచ్చింది.

సరే, ఏం చేయాలన్న దానికి వస్తాను. మీ ముందున్న దారుల్లో దేన్నీ నేను కొట్టేయను. ఒక్కోదానికి ఒక్కో ఖర్చు ఉంది.

మీ అన్నగారి మాట వినొచ్చు. మూడు వారాల్లో పరీక్ష ఉంది కాబట్టి గుర్తుల రూల్స్ పట్టిక చేసి బట్టీ పట్టిస్తే మార్కులు పెరుగుతాయి, అది అబద్ధం కాదు. పెరిగిన మార్కులు చూసి తనకు కొంత ధైర్యమూ వస్తుంది. కానీ ఆ రూల్స్ ఒకదాన్నొకటి తినేస్తాయి. కూడిక రూలు గుణకారంలోకి, గుణకారం రూలు కూడికలోకి వచ్చేస్తాయి. 7 అని రాసిన లెక్కలో జరిగింది అదేగా. పై తరగతుల్లో సమీకరణాలు, బ్రాకెట్లు విప్పడం, గ్రాఫులో నాలుగు పాదాలు వచ్చేసరికి మళ్లీ ఇదే కథ, ఇంకాస్త పెద్దగా. ఈ దారి పట్టాలనుకుంటే కనీసం ప్రతి రూలుకూ తన సొంత ఉదాహరణ ఒకటి తన చేత్తో పక్కన రాయించండి.

ట్యూషన్ చెడ్డదేం కాదు. ఇప్పుడు మీ ఇద్దరి మధ్యా లెక్కల పుస్తకం ఒక గొడవలా ఉంది కాబట్టి, మూడో మనిషి చెబితే తనకు ఊపిరాడొచ్చు. పెట్టేముందు ఆ టీచర్ని ఒక్కటి అడగండి: "|3 − 8| కు పిల్ల 11 రాస్తే మీరేం చేస్తారు?" "రూల్ మళ్లీ చెబుతా" అంటే ఇంకొకరిని వెతకండి. "ఎలా వచ్చిందో అడుగుతా" అంటే పంపొచ్చు. ఖర్చేమిటంటే, ఆ రాత్రి జరిగిన దాని తర్వాత ఏ మాటా లేకుండా ట్యూషన్‌కు పంపితే, "నాన్న నన్ను వదిలేశారు" అని తను అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి కారణం తనకు చెప్పి, తన ఇష్టం అడిగి పంపండి.

వదిలేయడం మాత్రం నాకు అంతగా నచ్చలేదు. ఒక వారం లెక్కల ఊసెత్తకుండా ఉండటం వేరు, అది మంచిదే. కానీ ఈ పాఠం దానంతటది సర్దుకునే రకం కాదు. తర్వాతి పాఠాలన్నీ దీని భుజాల మీద నిలబడేవే. ఇప్పుడు ఈ ఒక్క పాఠంలోనే ఉన్న భయం, ఆరు నెలల్లో మొత్తం లెక్కలకు పాకుతుంది.

నాలుగో దారి మీ ఉత్తరంలో లేదు. రోజుకు ఇరవై నిమిషాలు మీరే కూర్చోవడం. కాకపోతే టీచరుగా కాదు, తను చెబుతుంటే వినేవాడిగా. పెన్సిల్ తన చేతిలో ఉండాలి. తప్పు చేస్తే "ఎలా వచ్చింది?" అన్న ఒక్క ప్రశ్నే, అదీ మామూలు గొంతుతో. సరైన జవాబు వచ్చినప్పుడు కూడా అదే ప్రశ్న అడగాలి. లేకపోతే ఆ ప్రశ్న అంటేనే తప్పు చేశామని పిల్లలు కనిపెట్టేస్తారు. ఖర్చు ఇక్కడా ఉంది. మీకు ఓపిక లేని రోజున కూర్చుంటే నాలుగు రోజుల పని ఒక్క మాటతో పోతుంది. అలాంటి రోజున "ఇవాళ అలసిపోయాను, రేపు చూద్దాం" అని లేవడమే మేలు. మీ వల్ల కాదనిపిస్తే ట్యూషన్ వైపే వెళ్లండి, అందులో ఓడిపోయిందేమీ లేదు.

ఏ దారి ఎంచుకున్నా బడిలో లెక్కల టీచరుకు ఆ మూడు తప్పులూ చూపించండి. క్లాసులో సగం మంది ఇవే రాసి ఉంటారు. ఇంకో మాట. తనకు మామూలు చిన్న సంఖ్యల్లోనూ ఏది పెద్దదో తేల్చుకోవడం, గడియారం చూడటం, వేళ్లు లేకుండా చిన్న కూడికలు చేయడం చిన్నప్పటి నుంచీ కష్టమై ఉంటే, అప్పుడు నిపుణులకు చూపించమనేదాన్ని. భిన్నాలు చకచకా చేసేదంటున్నారు కాబట్టి ఆ అనుమానం నాకు లేదు.

బట్టల కింద దొరికిన పేపరు సంగతి. మీకు తెలుసన్నది చెప్పకుండా ఉండొచ్చు, తనే తెచ్చి చూపిస్తుందని ఎదురుచూడొచ్చు. అలా చూపిస్తే బావుంటుంది, కానీ ఈలోగా మీరిద్దరూ నటిస్తూ ఉండాలి. పిల్లలు అది ఇట్టే పసిగడతారు. లేదా చెప్పేయొచ్చు. చెబితే మొదట మీ క్షమాపణ, తర్వాతే పేపరు. వరస మారిందంటే క్షమాపణ కాస్తా పేపరు రాబట్టడానికి వేసిన ఎత్తులా వినిపిస్తుంది. "ఆ రోజు నోట్సు విసిరాను, అది తప్పు. నీ ప్రశ్నకు నాకు జవాబు తెలియలేదు, అందుకే కోపమొచ్చింది." ఈ రెండు వాక్యాలు చాలు. "కానీ నువ్వు కూడా" అన్న మూడో వాక్యం వద్దు. పేపరు ఎక్కడ దొరికిందో దాచకండి, మార్కుల గురించి మాత్రం ఆ పూట మాట్లాడకండి.

ఆ తర్వాత ఒకరోజు, తనకు తీరిక ఉన్నప్పుడు, ఒక కవరూ మడత కాగితమూ తీసుకెళ్లి ఈ లెక్క అడగండి. కవరులో ఒక సంఖ్య ఉంది. అది 2 నుంచి సరిగ్గా ఐదడుగుల దూరంలో ఉంది. ఏమిటది? 7 అని వెంటనే అంటుంది. "ఇంకేమైనా ఉందా?" అని అడిగి ఊరుకోండి. −3 దొరకడానికి ఒక నిమిషం పట్టొచ్చు, పది నిమిషాలు పట్టొచ్చు, మర్నాటికి పోవచ్చు. ఆ నిమిషాల్లో మీరు నోరు మెదపకూడదు. దొరికాక, తనకు అనిపిస్తే, మిమ్మల్ని ఒక లెక్క అడగమనండి. తను |ఎక్స్| = −4 లాంటిదేదో ఇచ్చి మిమ్మల్ని ఇరుకున పెడితే, కంగారుపడకుండా కాగితం మీద సున్నా నుంచి మైనస్ నాలుగడుగుల దూరం ఎక్కడుందో ఇద్దరూ కలిసి వెతకండి.